మానేశాక మిగిలిన లెక్క

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమస్తాను. మందు మానేసి ఏడేళ్లయింది. మొదట్లో ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ల సంఘం) మీటింగులకు వెళ్లాను, తర్వాత అవసరం లేదనిపించింది. తాగాలని లేదు గానీ ఇంట్లో ప్రతి చిన్నదానికీ అరుస్తున్నాను. ‘తాగే రోజులే నయం, వచ్చి పడుకునేవారు’ అంది మా ఆవిడ. మళ్లీ వెళ్దామంటే అక్కడ దేవుడి మాట వస్తుంది. నాకు నమ్మకం లేదు.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ ఆవిడ ఎత్తిపొడుపులోనే జబ్బు పేరు ఉంది. ఏఏలో దీన్ని ‘డ్రై డ్రంక్’ అంటారు. సీసా పోయింది, దాంతో అణిచిపెట్టిన కోపమూ భయమూ పోలేదు. తాగుడు నుంచి కోలుకోవడానికి ఏఏ చెప్పే పన్నెండు మెట్లలో మద్యం ఊసు మొదటి మెట్టులో ఉంటుంది. తర్వాతవి దాదాపు అన్నీ నడవడి గురించే.

గుమస్తాకి ఇది సులువుగా పట్టుబడాలి. నాలుగో మెట్టు మన తప్పొప్పులన్నీ రాసుకునే ఆవర్జా, పదో మెట్టు ఏ రోజుకారోజు రాసే చిట్టా. రాత్రి పది నిమిషాలు చాలు. పేజీకి నాలుగు గళ్లు కొట్టండి: ఎవరు, ఏం జరిగింది, నాలో ఏది దెబ్బతింది, నా వంతు ఎంత. ఉదాహరణకి: ‘అబ్బాయి / బండిలో పెట్రోలు లేదని అరిచాను / డబ్బు చాలదన్న భయం / షావుకారు ముందు నోరు మూసుకుని, ఆ కసి వాడి మీద తీర్చుకున్నాను.’ అంతే. చాలామంది తప్పేది నాలుగో గడిలోనే, అక్కడ కూడా ఎదుటివాడి తప్పే రాస్తారు. రోజుకి నాలుగైదు పద్దులు దాటితే పుస్తకం వారంలో అటకెక్కుతుంది.

పద్దుల పక్కన టైము కూడా వేయండి. మీ అరుపుల్లో సగం సాయంత్రం ఏడు నుంచి భోజనం లోపు పడతాయని మా అనుమానం. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సీజన్లో యార్డు మనిషి మధ్యాహ్నం తిండి ఎప్పుడు తింటాడో అందరికీ తెలిసిందే. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగూ పాత తాగుబోతుకి ప్రమాద ఘంటికలు. అయిదింటికి గుప్పెడు శనగలో రెండు అరటిపళ్లో తిని చూడండి. ఇదేం ఆధ్యాత్మికత అని నవ్వకండి.

ఇక ఎనిమిది, తొమ్మిది మెట్లు: నొప్పించినవాళ్ల జాబితా, వాళ్లకి చేసిన నష్టం సరిదిద్దడం. ఆవిడకి ‘సారీ’ చెప్పకండి. తాగే రోజుల్లో అది వందసార్లు విని ఉంటుంది. ఇరవై నిమిషాలు ఎదురు కూర్చుని, ‘నీ మనసులో ఏం మిగిలింది?’ అని అడిగి, మధ్యలో సమాధానం చెప్పకుండా వినండి. కష్టం అదే. బాకీలుంటే నెలకింత అని కట్టేయండి. పాత సంగతి బయటపెడితే అవతలివాళ్లకి నష్టమయ్యే చోట నోరెత్తవద్దని తొమ్మిదో మెట్టే చెబుతుంది. ఆవర్జా మొత్తం చదివి వినిపించాల్సింది ఆవిడకి కాదు, స్పాన్సర్‌కి, అంటే ఏఏలో మీకు దారి చూపే పాత సభ్యుడికి. అందుకైనా మళ్లీ మీటింగుకి వెళ్లాలి.

దేవుడి సంగతి: 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో మొదలైన ఈ పద్ధతి మెట్లలోనే దేవుడంటే ‘మనకు అర్థమైన రీతిలో’ అన్న వెసులుబాటు ఉంది. నమ్మకం లేనివాళ్లు ఆ గదిలో కూర్చున్న పదిమందినే తమకన్నా పెద్ద శక్తిగా లెక్కేసుకుంటారు. పదకొండో మెట్టులో చెప్పే ధ్యానమంటే పొద్దున పది నిమిషాలు ఫోను పక్కనపెట్టి ఊపిరి గమనించడమైనా సరే.

ప్రశ్న: మా వారు రెండేళ్లుగా తాగడం లేదు. ఈసారి భవానీ దీక్ష తీసుకున్నారు. ఇంద్రకీలాద్రిపై ఇరుముడి సమర్పించి మాల తీసే రోజంటే భయంగా ఉంది.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: భయపడటంలో తప్పులేదు. మండల దీక్షలో 41 రోజులు తెల్లవారుజామున స్నానం, నియమం, తోటి భవానీల తోడు ఉంటాయి. మాల తీశాక అవన్నీ ఒక్కరోజులో పోతాయి. అందుకే వాటిలో రెండు, స్నానమూ సాయంత్రం దీపమూ అనుకుందాం, కొనసాగించమనండి. ఆ సాయంత్రం ఏఏ మీటింగుకో, తాగని స్నేహితుడి ఇంటికో ముందే అనుకుని పంపండి. ఒకవేళ తప్పటడుగు పడి రోజుల తరబడి బాగా తాగితే మాత్రం ఇంట్లో ఉన్నపళంగా మాన్పించవద్దు. రెండు రోజుల్లోపు ఫిట్స్, ఆ తర్వాత మతిభ్రమ రావచ్చు. ఆసుపత్రికి తీసుకెళ్లండి. సలహాకి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416.

ప్రశ్న: మానేసి నాలుగేళ్లు. ఆకలికి ద్రాక్షారిష్టం తాగొచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: వద్దు. అరిష్టాలు, ఆసవాలు పులియబెట్టి చేసేవి. సాధారణంగా 5 నుంచి 10 శాతం ఆల్కహాలు వాటిలో తనంతట తానే పుడుతుంది, సీసా మీద రాసే ఉంటుంది. చూర్ణమో మాత్రో ఇమ్మని వైద్యుడిని అడగండి. డైసల్ఫిరామ్ (మీద మద్యం పడితే ఒళ్లు తీవ్రంగా పాడయ్యేలా చేసే, తాగుడు మాన్పించే మాత్ర) వాడుతుంటే మరీ జాగ్రత్త, మాత్ర ఆపినా రెండు వారాల దాకా దాని ప్రభావం పోదు.