బావిలో బ్లీచింగ్ ఎలా కలపాలి?

ప్రశ్న: మా ఊరి చేదబావిలో బ్లీచింగ్ పౌడరు గుప్పెళ్లతో చల్లిపోతున్నారు. అది సరైన పద్ధతేనా?

జవాబు: కాదు. పొడి ముద్దకట్టి అడుగుకు చేరుతుంది, అందులోని సున్నం వల్ల నీళ్ల కఠినత్వం పెరుగుతుంది. ముందు లెక్క చూడండి. వ్యాసాన్ని వ్యాసంతో, ఆపైన నీటి లోతుతో (అన్నీ మీటర్లలో), చివరికి 785తో గుణిస్తే లీటర్లు వస్తాయి. 3 మీటర్ల వ్యాసమున్న బావిలో 4 మీటర్ల లోతు నీరుంటే సుమారు 28,000 లీటర్లు. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల చొప్పున 70 గ్రాములు చాలు.

పొడిని ప్లాస్టిక్ బకెట్లో కొద్ది నీటితో మెత్తగా కలిపి, ముప్పావు వంతు నింపి, పది నిమిషాలు తేరనివ్వాలి. పైతేటను వేరే బకెట్లోకి వంచుకుని, ఆ బకెట్‌ను తాడుతో బావి నీటి లోపలికి దించి పైకీ కిందకీ బాగా ఆడించాలి. అడుగు మడ్డి బావిలో పడకూడదు. గంటసేపు ఎవరూ తోడకూడదు, అందుకే రాత్రిపూట వేయడం మేలు.

గంట తర్వాత క్లోరోస్కోపులో (నీటిలో మిగిలిన క్లోరిన్‌ను రంగుతో చూపే చిన్న పరీక్ష సాధనం) నీరు పసుపు రంగుకు తిరగాలి. తిరగలేదంటే పొడి సత్తువ పోయి ఉండాలి (మూతి విప్పి ఉంచిన సంచుల్లో క్లోరిన్ ఎగిరిపోతుంది), లేదా నీటిలో మురికి ఎక్కువై క్లోరిన్‌ను మింగేసి ఉండాలి. మోతాదు పెంచి మళ్లీ చూడండి.