కొత్త ఉబుంటులో పాత గ్రాఫిక్స్ ప్రోగ్రాములు

ప్రశ్న: అన్నా, తిరుపతిలో ఇంజనీరింగ్ ఫైనల్ ఇయర్ చదువుతున్నా. మా ల్యాబ్ సిస్టమ్స్‌కు ఉబుంటు 24.04 (లైనక్స్) వేశాక, సీ భాషలో తెరమీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్.హెచ్ ప్రోగ్రాములు నడవడం లేదు. వాటిని లైనక్స్‌లో నడిపించే లిబ్‌గ్రాఫ్ లైబ్రరీని కంపైల్ చేయబోతే గైల్ 2.0 అనే ఇంకో సాఫ్ట్‌వేర్ కావాలంటుంది, అది దొరకదు. సీనియర్లు రాసిన ఫైళ్లు కలిపితే 'మల్టిపుల్ డెఫినిషన్' ఎర్రర్లు. ప్రాక్టికల్స్ దగ్గరికొచ్చాయి, జూనియర్లకు ఒకటే టెన్షన్. పాత ఉబుంటు మళ్లీ వేయించమని సార్‌ను అడగనా?

జవాబు: వద్దు తమ్ముడూ. పాతది వేస్తే ఈ ఏడాది గడుస్తుంది గానీ, సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయిన సిస్టమ్స్ మీద వచ్చే బ్యాచ్ పిల్లలు కూర్చోవాల్సి వస్తుంది.

లిబ్‌గ్రాఫ్ నిలబడింది ఎస్‌డీఎల్ 1.2 అనే గ్రాఫిక్స్ లైబ్రరీ మీద. ఆ 1.2 చివరి విడుదల 2012లో వచ్చింది, ఆ మరుసటి ఏడాదే ఎస్‌డీఎల్ 2 వచ్చేసింది. అయినా ఎస్‌డీఎల్ ప్రాజెక్టు వాళ్లు పాత ప్రోగ్రాములను గాలికి వదిలేయలేదు, ఎస్‌డీఎల్12-కంపాట్ అని ఒక లైబ్రరీ రాశారు. పాత ప్రోగ్రాము 1.2 ఫంక్షన్లనే పిలుస్తుంది, లోపల పని మాత్రం ఎస్‌డీఎల్ 2 చేసిపెడుతుంది. లైబ్రరీని బతికించడమంటే నా దృష్టిలో ఇదే: పైన ఫంక్షన్ల పేర్లు కదలకూడదు, కింద పునాది మారాలి.

నీకూ అదే దారి ఉంది. ఎస్‌డీఎల్_బీజీఐ అని ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఒకటి ఎస్‌డీఎల్ 2 మీద నడుస్తుంది, అందులో ఇనిట్‌గ్రాఫ్, లైన్, సర్కిల్, పుట్‌పిక్సెల్ అన్నీ టర్బో సీ (గ్రాఫిక్స్.హెచ్ వచ్చిన పాత కంపైలర్) నాటి పేర్లతోనే ఉంటాయి. గైల్ గొడవ ఉండదు. కోనియో.హెచ్ తీసేయండి, క్లియర్‌స్క్రీన్ పిలిచే లైనూ తీసేయండి, వాయిడ్ మెయిన్‌ను ఇంట్ మెయిన్ చేయండి. జూనియర్ల ప్రోగ్రాముల్లో చాలావరకు మార్చాల్సింది ఇంతే.

ఇక మల్టిపుల్ డెఫినిషన్ సంగతి. మీ సీనియర్లు హెడర్ ఫైల్లో 'ఇంట్ రంగు;' లాంటి గ్లోబల్ వేరియబుల్ పెట్టి, దాన్ని రెండు మూడు సీ ఫైళ్లలో ఇంక్లూడ్ చేసి ఉంటారు. అంటే ప్రతి ఫైల్లోనూ ఆ వేరియబుల్ ఒకటి పుట్టినట్టే. ఇదివరకు వాటన్నిటినీ లింకర్ ఒకటిగా కలిపేసేది. 2020లో వచ్చిన జీసీసీ 10 (ఉబుంటులో వాడే సీ కంపైలర్) నుంచి అలా ఊరుకోదు, ఎర్రర్ ఇచ్చేస్తుంది. హెడర్లో ఆ లైను ముందు 'ఎక్స్‌టర్న్' (వేరియబుల్ వేరే చోట ఉందని చెప్పే మాట) చేర్చి, అసలు డెఫినిషన్ ఒక్క సీ ఫైల్లోనే ఉంచు. పరీక్ష మరీ నెత్తిమీదుంటే కంపైల్ చేసేటప్పుడు పాత పద్ధతిలోనే కలపమని చెప్పే '-ఎఫ్‌కామన్' ఆప్షన్ ఇస్తే ప్రస్తుతానికి గట్టెక్కుతారు, కానీ సెలవుల్లో కూర్చుని సరిచేయాల్సిందే.

ఇంకోమాట. లైబ్రరీలోనే ఏదైనా తప్పు దొరికి నువ్వు దిద్దితే అది మీ ల్యాబ్‌లోనే పడి ఉండకూడదు, ప్యాచ్‌గా (నువ్వు మార్చిన లైన్ల ఫైలుగా) ఆ లైబ్రరీ ప్రాజెక్టుకు పంపు. ఏ ఉబుంటు, ఏ జీసీసీ, ఏ ఎర్రర్ వచ్చిందో మూడూ రాయి. ఇలాంటి చిన్న లైబ్రరీలను చూసుకునేది ఒకరిద్దరే, కొత్త సిస్టమ్ వచ్చిన ప్రతిసారీ అన్నీ వాళ్లే పరీక్షించలేరు.