యుద్ధంలో చిక్కినవాళ్లకు తిండి చేర్చే చర్చలు ఫొటోల కోసమేనా? 1990లో కువైట్‌లో ఉన్నవాడిగా నా జవాబు

మీరు అడిగింది ఇది: యుద్ధం నడుస్తుండగా మామూలు జనానికి తిండీ మందులూ అందించాలంటూ మంత్రులు దేశాలు తిరుగుతారు, చేతులు కలుపుతారు, ఫొటోలు దిగుతారు. దానివల్ల కింద ఉన్నవాడికి నిజంగా ఏమైనా దక్కుతుందా?

దక్కుతుంది. నాకు దక్కింది. ఎలా దక్కిందో, ఎవరికి దక్కలేదో కూడా చెప్తాను.

మాది కడప జిల్లా, సిద్ధవటం దగ్గర పల్లె. బోరు వేసిన అప్పు తీర్చడానికి 1988లో కువైట్ పోయాను. అప్పటికే మా వైపు ఊర్లలో కువైట్‌లో మనిషి లేని ఇల్లు తక్కువ. ఆడవాళ్లు ఇంటిపనికి, మగవాళ్లు డ్రైవర్లుగా, కొట్లలోకి పోయేవాళ్లు. నాది బకాలాలో పని. బకాలా అంటే అక్కడి కిరాణా కొట్టు.

1990 ఆగస్టు 2, గురువారం తెల్లవారేసరికి ఇరాక్ సైన్యం ఊళ్లో ఉంది. మా కొట్టు రెండు రోజుల్లో ఖాళీ అయిపోయింది. ముందు నీళ్ల సీసాలు పోయాయి, తర్వాత ఖుబ్బూస్ రొట్టెలు, తర్వాత బియ్యం. చివరికి పిల్లల పాలపొడి డబ్బా ఒక్కటి మిగిలింది. దానికోసం ఇద్దరు తల్లులు వచ్చారు. ఒకామె ఈజిప్టు మనిషి, ఇంకొకామె మన రాజంపేట వైపు ఆడబిడ్డ. ఇద్దరి చంకల్లోనూ పిల్లలు. డబ్బా మూత తీసి, సగం పొడి పేపర్ పొట్లంలో పోసి ఒకామెకు ఇచ్చాను, మిగతా సగం డబ్బాతో సహా ఇంకొకామెకు ఇచ్చాను. ఆ పొట్లం విప్పి గాలికి పోకుండా ఆమె మళ్లీ మడిచిన తీరు నా కళ్లలో ఇప్పటికీ ఉంది. మా యజమాని అప్పటికే కుటుంబంతో సరిహద్దు దాటి సౌదీకి వెళ్లిపోయాడు. మా నలుగురి పాస్‌పోర్టులు ఆయన బీరువాలోనే ఉండిపోయాయి.

అప్పుడు మాకు తెలియని సంగతి ఒకటి ఉంది. ఇంటికొచ్చాక, ఏళ్ల తరబడి చదివి తెలుసుకున్నాను. ఆగస్టు 6న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 661వ తీర్మానంతో ఇరాక్‌కూ, అది ఆక్రమించిన కువైట్‌కూ సరుకుల రాకపోకలు ఆపేసింది. దాడి చేసినవాడి చేయి కట్టడానికి పెట్టిన ఆంక్ష అది. కానీ ఆ కట్టులో మేమూ ఉన్నాం. మందులకు మినహాయింపు ఉంది. తిండికి మాత్రం 'మానవతా పరిస్థితుల్లో' అనే మాట పెట్టారు. ఆ పరిస్థితి వచ్చిందా లేదా అని తేల్చేది ఎవరు? మండలి సభ్యులు కూర్చునే ఒక కమిటీ.

దౌత్యం అంటే ఏమిటో నాకు అక్కడే అర్థమైంది. మన దేశంలో తిండి ఉంది. ఓడ ఉంది. కువైట్‌లో ఆకలితో ఉన్న మనవాళ్లున్నారు. లేనిదల్లా అనుమతి కాగితం. దానికోసం మనవాళ్లు ఐక్యరాజ్యసమితి ఉన్న న్యూయార్క్‌లో పట్టు పట్టారు. పంపిన బియ్యం సైనికుల వంటశాలకు పోదని ఎవరు హామీ ఇస్తారు అనేది కమిటీలో అవతలివాళ్ల ప్రశ్న. అది అడగాల్సిన ప్రశ్నే. సెప్టెంబరు 13న వచ్చిన 666వ తీర్మానంలో దానికొక దారి చూపారు: ఆహారం రెడ్‌క్రాస్ లాంటి సంస్థల సహకారంతో, వాటి కళ్లముందే పంచాలి, ఎవరికోసం పంపారో వాళ్లకే చేరాలి. పిల్లలు, గర్భిణులు, బాలింతలు, జబ్బుపడినవాళ్లు, ముసలివాళ్లు ముందు అని కూడా అందులో రాశారు. ఆ నెలలోనే మన ఓడ 'విశ్వసిద్ధి'కి తిండి సామాను తీసుకుని కువైట్ పోవడానికి అనుమతి దొరికింది. ఆగస్టు 6 నుంచి లెక్కేయండి. ఆకలితో ఉన్నవాడికి ఆరు వారాలు చాలా ఎక్కువ. ఈ పద్ధతి మీద నాకున్న పెద్ద కోపం అదే.

ఇక ఫొటో సంగతి. అప్పటి మన విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ ఆగస్టులో బాగ్దాద్ పోయి సద్దాం హుస్సేన్‌ను కలిశారు. సద్దాం ఆయన్ని కౌగిలించుకున్న ఫొటో పేపర్లలో పడింది. దురాక్రమణ చేసినవాడిని హత్తుకుంటారా అని ఇంటా బయటా చాలామంది తిట్టారు. కువైట్‌లో ఎంబసీలు మూసేయమని ఇరాక్ హుకుం ఇస్తే చాలా దేశాలు ససేమిరా అన్నాయి. మనవాళ్లు ఎంబసీని ఇరాక్‌లోని బస్రా ఊరికి మార్చుకున్నారు. దానికీ తిట్లు పడ్డాయి. ఆ తిట్లలో న్యాయం లేదని నేననను. ఇల్లు పోగొట్టుకున్న కువైటీ వైపు నుంచి చూస్తే ఆ కౌగిలి కడుపు మండించేదే. కానీ మా బస్సు బస్రా మీదుగా బాగ్దాద్‌కూ, అక్కణ్నుంచి జోర్డాన్ సరిహద్దుకూ పోవాలంటే ప్రతి చెక్‌పోస్టులో తుపాకీ పట్టుకున్నవాడు 'హిందీ? రూహ్' అనాలి. 'ఇండియావాడివా, పో' అని. ఆ మాట వాడి నోట రావడానికి ఎవరో పైన వాడి నాయకుడితో కూర్చుని మాట్లాడి ఉండాలి. గిట్టనివాడితో మాట్లాడకుండా ఆ దారి తెరుచుకోదు.

పాస్‌పోర్టు లేనివాళ్లకు ఎంబసీవాళ్లు ఒక కాగితం ఇచ్చారు. దాని మీద ఫొటో, పేరు, తండ్రి పేరు, ఊరు, కింద ఒక ముద్ర. చెమటకు ముద్ర చెరిగిపోతుందేమోనని టెన్షన్‌తో దాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి బనియన్ లోపల పెట్టుకున్నాను. ఆ ముద్ర లేకపోతే నేను ఏ దేశపు మనిషినీ కాను.

సరిహద్దు దగ్గర ఇసుకలో గుడారాల్లో పదకొండు రోజులు ఉన్నాను. రువైషెద్ అంటారు ఆ చోటును. పగలు నిప్పుల కొలిమి, రాత్రి చలి. నీళ్ల ట్యాంకర్ వస్తే అన్ని భాషల్లోనూ ఒకటే అరుపు. జోర్డాన్ చిన్న దేశం, దానికే నీళ్లకు కటకట. లక్షల మంది మీద పడేసరికి ఆగస్టు చివర్లో సరిహద్దు కొన్నాళ్లు మూసేసింది కూడా. మా పక్క గుడారంలో బంగ్లాదేశ్ వాళ్లుండేవాళ్లు. మన విమానాలు రోజూ వస్తున్నాయని వాళ్లకు తెలుసు. అందులో ఒకతను రోజూ పొద్దున్నే వచ్చి, 'ఈరోజు మీ లిస్టు వచ్చిందా?' అని హిందీలో అడిగేవాడు. తమ లిస్టు గురించి ఎవరిని అడగాలో అతనికి తెలియదు. మాట్లాడే దేశానికి బలం ఉంటే దాని మనుషులు ముందు కదులుతారు, మిగతావాళ్లు ఎదురుచూస్తారు. నేను విమానం ఎక్కేటప్పుడు అతను అక్కడే ఉన్నాడు.

జోర్డాన్ రాజధాని అమ్మాన్ నుంచి బొంబాయికి ఎయిర్ ఇండియా 488 సార్లు ఎగిరిందనీ, లక్ష మందికి పైగా తెచ్చిందనీ తర్వాత చదివాను. బొంబాయి నుంచి మద్రాసు రైలెక్కి కడప స్టేషన్లో దిగాను. అంతవరకూ మా అమ్మ రోజూ సాయంత్రం టీకొట్టు దగ్గర నిలబడి రేడియో వార్తలు వినేదట. నన్ను చూసి ఏడవలేదు. 'ఇంగ యాడికీ పోవాకు నాయనా' అని, సంగటి ముద్ద ముందు పెట్టింది.

ఇదొక్కటే చూసి దౌత్యం ఎప్పుడూ గెలుస్తుందనుకోవద్దు. అదే ఆంక్షల కింద ఇరాక్‌లోని మామూలు జనం ఏళ్లపాటు నలిగారు. చమురు అమ్మిన డబ్బుతో తిండీ మందులూ కొనుక్కోనిచ్చే 986వ తీర్మానం 1995లోగానీ రాలేదు. సిరియాలో అయితే ప్రభుత్వం ఒప్పుకోకపోయినా సరిహద్దు దాటి సహాయం పంపడానికి 2014లో నాలుగు దారులు తెరిచారు. భద్రతా మండలిలో వీటోలు (ఒక్క పెద్ద దేశం వద్దన్నా తీర్మానం ఆగిపోయే ఓట్లు) పడుతూ 2020కి ఒక్క దారి మిగిలింది, 2023లో ఆ తీర్మానం గడువూ తీరిపోయింది. పెద్ద దేశాల కక్షల మధ్య ఇరుక్కుంటే గోధుమపిండి లారీ కూడా బేరానికి వస్తువే అవుతుంది.

మనకు బాగా తెలిసిన ఉదాహరణ ఇంకొకటి. ఆఫ్ఘనిస్తాన్‌కు 50 వేల టన్నుల గోధుమలు ఇస్తామని మన దేశం 2021లో చెప్పింది. దారి పాకిస్తాన్ గుండా పోవాలి. గోధుమల మీద ఎవరికీ పేచీ లేదు. ఎవరి లారీల్లో తీసుకెళ్లాలన్న దగ్గర నెలలు గడిచాయి. చివరికి ఆఫ్ఘన్ లారీలే పంజాబ్ సరిహద్దులోని అట్టారీకి వచ్చి ఎత్తుకునేలా కుదిరి, 2022 ఫిబ్రవరిలో మొదటి లోడు కదిలింది. బయటినుంచి చూసేవాళ్లకు లారీ మీద గొడవ సిల్లీగా అనిపించవచ్చు. బకాలాలో ఖాళీ అరల ముందు నిలబడినవాడిగా చెప్తున్నాను, ఆ లారీ సంగతి తేల్చిన ఆఫీసర్లకు నేను దండం పెడతాను.

అందుకని మంత్రుల ఫొటో చూసినప్పుడు నేను వెతికేది వేరు. ఏ దారి, ఏ తేదీ నుంచి, ఎవరి బండి, ఎవరు పంచుతారు, పంచడం ఎవరు చూస్తారు? ఈ ఐదింటికీ జవాబు వార్తలో ఉంటే కింద ఉన్నవాడికి ఏదో చేరబోతోందని లెక్క. 'ఆందోళన వ్యక్తం చేశారు' అని మాత్రమే ఉంటే ఇంకా ఏమీ కాలేదని లెక్క.

మా చెల్లెలి కొడుకు ఇప్పుడు కువైట్‌లోనే డ్రైవర్. వాడు పోయేముందు పాస్‌పోర్టు జిరాక్సులు మూడు తీయించాను: ఒకటి వాడి దగ్గర, ఒకటి మా ఇంట్లో, ఒకటి రూమ్‌మేట్ దగ్గర. వెళ్లిన వారంలోనే మన ఎంబసీలో పేరు నమోదు చేయించుకున్నాడు. మీ ఇంటి మనిషి ఎవరైనా అటువైపు ఉంటే ఈరోజే ఫోన్ చేసి ఈ రెండూ అడగండి.