కోడూ కచేరీ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు వెబ్ డెవలపర్లవే. అందులోనూ పాటో వీణో నేర్చుకుంటూ, ఉద్యోగంతో దాన్ని ఎలా కుదుర్చుకోవాలో తెలియక టెన్షన్ పడుతున్నవాళ్లవే. అందుకని ఈ రెండు పేజీలూ వాళ్లకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: విజయనగరం సంగీత కళాశాలలో వీణ నేర్చుకున్నాను. ఇప్పుడు ఇంటి నుంచే అమెరికా క్లయింటుకి ఫ్రంటెండ్ (వెబ్ పేజీలో కంటికి కనిపించే భాగం) పని చేస్తున్నాను. సాయంత్రం ఆరున్నరకి మొదలయ్యే కాల్స్ రాత్రి పదింటి దాకా సాగుతాయి. ఆ తర్వాత వీణ ముట్టుకునే ఓపిక ఉండదు. ఏడాదిగా ఇదే వరస. ఇక వదిలేసినట్టేనా? (ఒక పాఠకురాలు, విజయనగరం)

జవాబు: వదిలేయకండి అమ్మా, సాధన వేళ మార్చండి. మీ సాయంత్రాలు న్యూయార్క్ గడియారం చేతిలో ఉన్నాయి. వాళ్లు మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకి జరిపి, నవంబరు మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి తెస్తారు, మనం జరపం. అందుకే అక్కడి ఉదయం 9 గంటలు మనకి ఎండాకాలంలో సాయంత్రం 6.30, చలికాలంలో 7.30. అంటే నవంబరు వచ్చేసరికి మీ కాల్స్ ఇంకో గంట రాత్రిలోకి పోతాయి. ఆ వేళ మీద ఆశ పెట్టుకోవద్దు. పొద్దున్నే, లాప్‌టాప్ తెరవకముందు, ఫోన్‌లో మెసేజీలు చూడకముందు ఒక అరగంట కూర్చోండి. సరళీ వరసలు మూడు కాలాల్లో, ఒకట్రెండు అలంకారాలు, బాగా వచ్చిన వర్ణం ఒకటి, అంతే. ఏడాది విరామం వల్ల ఎడమచేతి వేళ్ల మీద కాయలు మెత్తబడి ఉంటాయి, తీగ కోస్తుంది, మొదటి వారంలోనే తీగ లాగి స్వరాన్ని ఊపే పెద్ద గమకాలకి పోతే నొప్పి పుట్టి మళ్లీ మూల పెట్టేస్తారు. రోజంతా టైపు చేసిన చేతులతో రాత్రి వాయించడం కంటే పొద్దున్న వాయించడం మణికట్టుకి కూడా మంచిది.

వీణని కూడా ఒకసారి చూసుకోండి. మెట్లు కూర్చేది మైనంలో కదా, ఒక ఎండాకాలం గడిస్తే అవి కాస్త కదిలి ఉండొచ్చు. స్వరం పలకడం లేదని మీ చేతిని తిట్టుకోకముందు మెట్లు సరిచేయించండి. ఒకే పనస దుంగని తొలిచి వీణ చేసే బొబ్బిలి పనివాళ్లు మీ జిల్లాలోనే ఉన్నారు, ఆ అదృష్టం అందరికీ లేదు. ఇక కాల్స్ సంగతి: రోజూ చెప్పే స్టేటస్ వారంలో రెండు రోజులు రాసి పంపుతానని మేనేజర్‌ని అడగండి. చాలా టీములు ఇప్పుడు దీనికి ఒప్పుకుంటున్నాయి, అడిగినవాళ్లు తక్కువ.

ప్రశ్న: మాదాపూర్‌లో జావాస్క్రిప్ట్ డెవలపర్‌ని. బ్రౌజర్‌లో నడిచే తంబురా, పక్కనే తాళం వేసే పేజీ ఒకటి తయారుచేశాను. దీని మీద ఒక కాన్ఫరెన్స్‌కి ప్రపోజల్ పంపుదామంటే మా టీమువాళ్లు "అక్కడ అందరూ ఏఐ, పెర్ఫార్మెన్స్ అంటుంటే నీ తంబురా ఎవరు వింటారు" అంటున్నారు. పైగా అందులో లోపాలున్నాయి. కొన్నిసార్లు శబ్దమే రాదు. తాళం కాసేపటికి జారిపోతుంది. శ్రుతి బాగాలేదని మా గురువుగారు అన్నారు. పంపమంటారా? (పేరు వద్దన్న పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: తప్పకుండా పంపండి. మీరు లోపాలని రాసిన ఆ మూడే మీ ప్రసంగానికి మూడు భాగాలు. పెర్ఫార్మెన్స్ గురించి చెప్పేవాళ్లు పదిమంది దొరుకుతారు, శ్రుతి తెలిసి, కోడ్ తెలిసి, రెండూ కలిసే చోట ఏం తప్పుతుందో చెప్పగలిగేవాళ్లు మీలాంటివాళ్లే. ఒక్కొక్కటే చూద్దాం, ఎందుకంటే వాటిని సరిచేసుకున్నాకే వేదిక ఎక్కాలి.

శబ్దం రాకపోవడం బ్రౌజర్ కావాలని చేస్తున్న పని. పేజీ తెరవగానే ప్రకటనలు అరవకుండా క్రోమ్ 2018లో ఈ కట్టుబాటు తెచ్చింది, బ్రౌజర్‌లోనే శబ్దం పుట్టించే వెబ్ ఆడియోకి కూడా అదే ఏడాది చివర్లో వర్తింపజేసింది. వాడేవాళ్లు పేజీ మీద ఎక్కడో ఒకచోట నొక్కేదాకా ఆడియో కాంటెక్స్ట్, అంటే పేజీలో శబ్దాన్ని నడిపే యంత్రాంగం, ఆగిపోయిన స్థితిలోనే ఉంటుంది. "శ్రుతి పెట్టు" అని పెద్ద బటన్ ఒకటి పెట్టి, ఆ నొక్కులోనే దాన్ని మళ్లీ నడిపించే రెజ్యూమ్ పిలవండి, సరిపోతుంది.

తాళం జారడానికి కారణం మీరు బ్రౌజర్ మామూలు టైమర్లయిన సెట్‌టైమౌట్‌నో సెట్‌ఇంటర్వెల్‌నో నమ్ముకోవడం అయ్యుండాలి. పేజీని గీయడం, క్లిక్కులు చూసుకోవడం, మీ మిగతా కోడ్ నడపడం అన్నీ జరిగే వరసలోనే ఆ టైమర్ కూడా నిలబడాలి, తన వంతు వచ్చినప్పుడే పలుకుతుంది. ఒక్కో దెబ్బ 10 మిల్లీసెకన్లు ఆలస్యమై, తర్వాతి దెబ్బని ఆ ఆలస్యం నుంచే లెక్కపెడితే వంద దెబ్బలకి ఒక పూర్తి సెకను పోయినట్టే. ఇక ట్యాబ్ వెనక్కి వెళ్తే ఆ టైమర్‌ని సెకనుకి ఒకసారికి మించి లేవనివ్వదు బ్రౌజర్. ఆడియోకి మాత్రం సొంత గడియారం ఉంది, కరెంట్‌టైమ్ అని, అది సౌండ్ హార్డ్‌వేర్‌తో నడుస్తుంది, జారదు. దెబ్బ పడాల్సిన క్షణం వచ్చాక వాయించమనడం కాకుండా, ఫలానా క్షణానికి వాయించు అని ముందే అప్పజెప్పాలి. గూగుల్‌లో పనిచేస్తూ క్రిస్ విల్సన్ 2013లోనే ఈ పద్ధతి వివరంగా రాశారు: మామూలు టైమర్ 25 మిల్లీసెకన్లకోసారి లేస్తుంది, రాబోయే 100 మిల్లీసెకన్లలో పడాల్సిన దెబ్బలన్నీ ఆడియో గడియారానికి ఇచ్చేసి మళ్లీ పడుకుంటుంది. ఆ టైమర్‌ని వర్కర్‌లోకి, అంటే పేజీ పనులతో కలవకుండా విడిగా నడిచే కోడ్‌లోకి, మార్చితే వెనక ట్యాబ్‌లో కూడా తాళం నిలుస్తుంది. ఇది ఒక్కసారి కుదిరిందంటే ఆది తాళం 4, 2, 2 అనీ, మిశ్ర చాపు 3, 2, 2 అనీ చిన్న జాబితాలుగా ఇచ్చేయొచ్చు, కోడ్ ముట్టుకోనక్కర్లేదు.

మూడోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది. మీ గురువుగారి చెవి నిజం చెప్పింది. మీరు స్వరాల ఫ్రీక్వెన్సీలు పియానో పట్టిక నుంచి తీసుకుని ఉంటారు. అందులో స్థాయిని, అంటే షడ్జం నుంచి పై షడ్జం దాకా ఉన్న దూరాన్ని, 12 సమాన భాగాలు చేస్తారు. పంచమం దాదాపు సరిగానే వస్తుంది, మన 3/2 నిష్పత్తికి వెంట్రుకవాసి తేడా. కానీ అంతర గాంధారం దగ్గర తేడా తెలిసిపోతుంది. ఐదు శ్రుతిలో షడ్జం 196 హెర్ట్జ్ అనుకుంటే 5/4 లెక్కన గాంధారం 245 కావాలి. పట్టిక ఇచ్చేది 246.94. రెండు హెర్ట్జే కదా అనిపిస్తుంది. అయితే తంబురా షడ్జం తీగ మీటితే దాని ఐదో హార్మోనిక్‌గా, అంటే అసలు స్వరానికి ఐదు రెట్ల కంపనంగా, 980 హెర్ట్జ్ తనంతట తానే పలుకుతుంది, అదే పైన వినిపించే స్వయంభూ గాంధారం. పట్టిక గాంధారానికి నాలుగో హార్మోనిక్ 987.8 దగ్గర పడుతుంది. ఈ రెండూ కలిసి మోగితే సెకనుకి దాదాపు 8 సార్లు శబ్దం వణుకుతుంది. సంగీతం రానివాళ్లకి కూడా ఆ వణుకు వినపడుతుంది. వేదిక మీద మొదట పట్టిక గాంధారం, తర్వాత 5/4 గాంధారం వినిపించండి, వివరించడానికి స్లైడే అక్కర్లేదు.

నాదం సంగతి కూడా చూడండి. హార్మోనిక్స్ ఏవీ లేని ఒట్టి సైన్ ఆసిలేటర్ టెలిఫోన్ టోన్‌లా ఉంటుంది. అసలు తంబురాలో బ్రిడ్జి మీద తీగ కింద నూలుపోగు సర్దుతారు, దానివల్లే తీగ బ్రిడ్జిని తాకీ తాకకుండా కదిలి పై హార్మోనిక్స్ అన్నీ లేస్తాయి. వెబ్ ఆడియోలోని పీరియాడిక్ వేవ్‌లో ఆ హార్మోనిక్స్ మీరే పోసుకోవచ్చు, కానీ అవి కాలంతో మారాలి, అది కష్టం. మీ గురువుగారి తంబురానే నాలుగు తీగలూ విడివిడిగా, పంచమం, రెండు సారణులు (మధ్య షడ్జాలు), మంద్ర షడ్జం, రికార్డు చేసి వాడుకోవడం మేలు. ఆయన అనుమతితోనే సుమా.

ప్రపోజల్‌లో "సంప్రదాయం, సాంకేతికతల సంగమం" లాంటి మాటలు రాయకండి. ఎంపిక చేసేవాళ్లు చూసేది విన్నవాళ్లకి ఏం దక్కుతుందన్నదే. "బ్రౌజర్‌లో కాలం ఎందుకు జారుతుంది, ఎలా ఆపాలి" అని నేరుగా రాయండి, తంబురా ఉదాహరణగా దానంతటదే వస్తుంది. వెబ్ ఆడియో 2021 జూన్‌లో, వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూ3సీ సంస్థ ప్రమాణం అయ్యిందని ఒక వాక్యం ఉంటే, ఇది ఆటబొమ్మ కాదని వాళ్లకి అర్థమవుతుంది. మీ ఊళ్లో జరిగే చిన్న మీటప్‌లో ముందు ఒకసారి చెప్పి చూసుకోండి. పెద్ద వేదిక రోజున మాత్రం సౌండ్ చూసుకునే మనిషిని పొద్దున్నే కలవండి. సాధారణంగా ప్రొజెక్టర్ తీగ ఒక్కటే ఇస్తారు, శబ్దం స్పీకర్లలోకి వెళ్లే దారి ఎవరూ ఆలోచించరు. బ్లూటూత్ స్పీకర్ అసలు వద్దు, అందులో ఆలస్యం ఉంటుంది, మీరు తాళం గురించి చెప్తుంటే తాళమే తప్పుతుంది. ఇంటర్నెట్ లేకుండా పేజీ నడిచేలా చూసుకోండి. చివర్లో హాలు మొత్తం చేత ఆది తాళం వేయించండి, దెబ్బ, చిటికెన వేలితో మొదలుపెట్టి మూడు వేళ్లు, తర్వాత దెబ్బ విసురు, దెబ్బ విసురు. నేర్చుకోవడానికి రెండు నిమిషాలు పట్టదు.

ప్రశ్న: కాన్ఫరెన్స్‌ల వీడియోలు ఎలాగూ యూట్యూబ్‌లో వస్తాయి కదా. టికెట్, రైలు, హోటల్ ఖర్చు పెట్టుకుని, సెలవు కోసం బతిమాలి వెళ్లడం అవసరమా? (ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: ప్రసంగాల కోసమే అయితే అవసరం లేదు. నేను వెళ్లమనేది మనుషుల కోసం. బెంగళూరులో జరుగుతూ వచ్చిన జేఎస్‌ఫూ కానీ, గోవాలో జరుగుతూ వచ్చిన రియాక్ట్ ఇండియా కానీ, 2018లో హైదరాబాద్‌కి వచ్చిన పైకాన్ ఇండియా కానీ, వీటిలో విలువైన మాటలు హాలు బయట టీ తాగేచోట నడుస్తాయి. మీరు వారాలుగా కొట్టుకుంటున్న బగ్‌ని ఇంకో కంపెనీవాళ్లు ఎలా తీర్చుకున్నారో అక్కడ చెప్తారు, వేదిక మీద చెప్పరు. ఏడాదికి ఒక్కటి ఎంచుకోండి. వాలంటీర్‌గా చేరితే చాలాచోట్ల టికెట్ ఖర్చు తప్పుతుంది, పరిచయాలు కూడా అలాగే ఎక్కువ అవుతాయి. మేనేజర్‌ని సెలవు అడిగేటప్పుడు, వచ్చాక టీముకి ఏ రెండు విషయాలు చెప్తారో రాసివ్వండి.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటాం. మా అమ్మాయి విజయవాడలో ఉన్న గురువుగారి దగ్గర జూమ్‌లో పాట నేర్చుకుంటోంది. ఇద్దరూ కలిసి పాడితే కుదరడం లేదు, తంబురా శబ్దం మాటిమాటికీ మాయమవుతోంది. నేను వెబ్ డెవలపర్‌నే, అయినా సరిచేయలేకపోతున్నాను. (ఒక తండ్రి)

జవాబు: తంబురా మాయమవడం సులువుగా తీరుతుంది. ఆగకుండా ఒకేలా వచ్చే శబ్దాన్ని ఆ సాఫ్ట్‌వేర్ ఫ్యాన్ మోత అనుకుని తుడిచేస్తుంది. జూమ్‌లో సంగీతం కోసం "ఒరిజినల్ సౌండ్" అనే ఆప్షన్ ఉంది, రెండు వైపులా దాన్ని ఆన్ చేయండి. మీరే బ్రౌజర్‌లో సొంతంగా ఏదైనా కడితే మైకు అడిగేటప్పుడు ఎకో క్యాన్సిలేషన్, నాయిస్ సప్రెషన్, ఆటో గెయిన్ మూడూ ఫాల్స్ అని ఇవ్వండి, హెడ్‌ఫోన్స్ మాత్రం తప్పనిసరి.

కలిసి పాడటం మాత్రం ఏ కోడూ తీర్చలేదు. విజయవాడకీ మీకూ మధ్య సుమారు 13,000 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే నిటారుగా తీగ లాగినా ఒక్క వైపుకే 65 మిల్లీసెకన్లు. అసలు దారి ఇంకా వంకర. కలిసి వాయించేవాళ్లకి 30 మిల్లీసెకన్లు దాటితేనే లయ లాగేస్తుంది. కాబట్టి గురువుగారు ఒక ఆవర్తం పాడి ఆగాలి, పాప అది తిరిగి పాడాలి. తంబురా, తాళం పాప వైపే మోగాలి. మన గురుకులాల్లో ఎప్పటినుంచో నేర్పే తీరు అదే కాబట్టి గురువుగారికీ ఇబ్బంది ఉండదు. వారానికోసారి పాప పాడినది రికార్డు చేసి పంపండి, క్లాసులో నెట్ మింగేసిన గమకాలు గురువుగారు అందులో వింటారు.

ప్రశ్న: కోడ్ రాసేటప్పుడు ఏం వినమంటారు? (ఒక పాఠకురాలు, కాకినాడ)

జవాబు: బగ్ వెతికేటప్పుడు ఏమీ వద్దు. సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని చెప్పే కోడ్) సర్దడం, టెస్టులు రాయడం లాంటి పనులకి మాటలు లేని సంగీతం పెట్టుకోండి, సాహిత్యం వినపడితే మనసు అటే పోతుంది, పోవాలి కూడా. మీ ఊరివాడైన చిట్టిబాబు గారి వీణ, ఆయన గురువు ఈమని శంకరశాస్త్రి గారి వీణ, పాలకొల్లులో పుట్టి అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌తో కర్ణాటక సంగీతాన్ని ఒప్పించిన యు. శ్రీనివాస్, ఇవన్నీ దొరుకుతాయి. అయితే ఏ కచేరీనైనా మొదటిసారి వింటున్నప్పుడు దయచేసి స్క్రీన్ మూసేయండి. అంత తీరిక లేదంటారా, ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పాత 78 ఆర్‌పీఎం వయొలిన్ రికార్డులు వెతకండి. ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకు, మీ బిల్డ్, అంటే కోడ్ అంతా కూర్చి సిద్ధం చేయడం, పూర్తయ్యేలోపు ఒకటి శ్రద్ధగా వినొచ్చు.