విజయనగరంలో ఉద్యోగం చేసుకుంటూ, ముప్పై దాటాక వయొలిన్ మొదలుపెట్టొచ్చా?

మొదలుపెట్టొచ్చండి. ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ నేర్పిన సంగీత కళాశాల 1919 నుంచీ ఉన్న ఊరు మనది. వాకబు చేస్తే గురువు దొరక్కపోరు. చిక్కంతా వాద్యంలోనే ఉంది. వీణకున్నట్టు దీనికి మెట్లుండవు, వేలు కాస్త జరిగినా స్వరం తప్పుతుంది. అందుకే తీగల్ని స, ప, స, ప స్వరాలకు శ్రుతి చేసి, ఫోన్లో ఆధార శ్రుతి వినిపించే తంబూర యాప్ పెట్టుకుని, ముందు వేళ్లు ఆనించకుండా ఒట్టి తీగల మీద కమాను నిలకడగా లాగడం సాధన చేయండి. ఇరుగుపొరుగు విసుక్కుంటారు, తప్పదు. తర్వాత మాయామాళవగౌళ రాగంలో సరళీ వరుసలు, అంటే తొలి స్వర పాఠాలు. ప్రతి వరుసా గొంతుతో పాడాకే వాయించండి, నోట పలకని స్వరం వేలికి దొరకడం కష్టం. ఆదివారం మూడు గంటలకన్నా రోజూ అరగంట మేలు. సినిమా పాటలంటారా, ఒక్కో స్వరం రెండేసిసార్లు వచ్చే జంట వరుసలు కుదిరాక మొదలెట్టండి, గురువుగారు ముఖం చిట్లించినా సరే.