‘పరివర్తిత కొవ్వు’ అనవచ్చా?

సందేహం: జంతుపోషణ మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. ‘ఆహారంలోని పరివర్తిత కొవ్వులు నవజాత జంతువుల కొవ్వామ్లాలపై ప్రభావం చూపుతాయి’ అని రాశాను. ట్రాన్స్ ఫ్యాట్‌కు ‘పరివర్తిత కొవ్వు’ సరిపోతుందా? ‘కొవ్వామ్లం’ అని కలపవచ్చా?

సమాధానం: రెండోది చిన్నది, ముందు దాన్ని తేల్చేద్దాం. ‘ఉత్తున కచ్చు పరంబగునపుడు సంధియగు’ అన్నాడు చిన్నయసూరి, అంటే ఉకారం తర్వాత అచ్చు వస్తే సంధి జరుగుతుంది. కాబట్టి కొవ్వామ్లం తప్పు కాదు. తెలుగు మాటకు సంస్కృత పదం తగిలిన మిశ్రసమాసమే, వైరిసమాసమని (కలపకూడని మాటల్ని కలిపామని) జంకక్కర్లేదు. నేనైతే ‘కొవ్వు ఆమ్లం’ అని విడదీసే రాస్తాను. శాస్త్ర విషయంలో చదువరి కన్ను రెండు మాటల మీదా ఆగాలి.

అసలు పేచీ ‘పరివర్తిత’తో. మీరు ట్రాన్స్‌ఫార్మర్‌లోని ట్రాన్స్‌ను తలచుకున్నట్టున్నారు. లాటిన్‌లో ‘సిస్’ అంటే ఇవతల, ‘ట్రాన్స్’ అంటే అవతల. గాల్ అనే ప్రాంతంలో ఆల్ప్స్ కొండలకు ఇవతలి భాగాన్ని, అవతలి భాగాన్ని రోమనులు ఈ మాటలతోనే వేరు చేశారు. రసాయన శాస్త్రంలోనూ అంతే. ఓలిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం కార్బన్ల గొలుసు. అందులో 9, 10 కార్బన్ల మధ్య ద్విబంధం (జంట బంధం) ఉంది. ఆ రెండు కార్బన్ల హైడ్రోజన్లు ఒకే వైపు ఉంటే గొలుసు అక్కడ వంగుతుంది, అది సిస్. చెరో వైపు ఉంటే గొలుసు నిటారుగా సాగుతుంది, అది ట్రాన్స్, పేరు ఎలైడిక్ ఆమ్లం. అవే పరమాణువులు, అంతే లెక్క. అయినా మొదటిది 13 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది, రెండోది కరగడానికి దాదాపు 45 కావాలి.

ఇందులో ‘మారడం’ పేరుకు ఆధారం కాదు. నూనెకు హైడ్రోజన్‌ను పూర్తిగా పట్టిస్తే అది నిండా మారినట్టే, కానీ అందులో ట్రాన్స్ దాదాపు మిగలదు, సంతృప్త కొవ్వవుతుంది. (ఈ ‘సంతృప్త’కు తృప్తితో పనిలేదు, హైడ్రోజన్ పట్టినంతా పట్టిందని అర్థం.) సగం సగం పట్టించినప్పుడే ట్రాన్స్ ఎక్కువగా పుడుతుంది. నెమరువేసే పశువుల పొట్టలో సూక్ష్మజీవులు కూడా దాన్ని చేస్తాయి. అందుకే ‘ట్రాన్స్ కొవ్వు’ అనే ఉంచండి.

‘నవజాత’ అన్న మాట శిశువు పక్కన అమరుతుంది, జంతువు పక్కన బిగుసుకుంటుంది. మనకు లేగ ఉంది, కూన ఉంది, గున్న ఉంది. ప్రయోగం దేని మీదో ఆ పేరే రాయండి. పైగా ‘నవజాత’ అసలు సంగతిని దాచేస్తోంది. తల్లి తిన్న ట్రాన్స్ కొవ్వు కొంత మావి దాటి, మరింత పాలతో పిల్లకు చేరుతుంది. అప్పుడే పుట్టిన పిల్లా, పాలు తాగుతున్న పిల్లా అన్నది తేలకపోతే దారి ఏదో తెలియదు.

‘ప్రభావం చూపుతాయి’ అన్నా ఏమీ చెప్పినట్టు కాదు. పెరిగిందా, తగ్గిందా? మేతలో దొరికే లినోలిక్ ఆమ్లం నుంచి ఒంట్లో అరాకిడోనిక్ ఆమ్లం అనే మరో కొవ్వు ఆమ్లాన్ని తయారుచేయడానికి తోడ్పడే ఎంజైముకు ట్రాన్స్ కొవ్వు అడ్డుపడుతుంది. తల్లి మేతలో ఆవశ్యక కొవ్వు ఆమ్లాలు (ఒళ్లు సొంతంగా చేసుకోలేనివి) తక్కువైతే ఆ అడ్డు మరీ గట్టిది. మీ మూలంలో ఎలుకలుంటే, వాక్యం ఇలా ఉండొచ్చు: ‘తల్లి తిన్న ట్రాన్స్ కొవ్వు పాలతో ఎలుకపిల్లల ఒంట్లో చేరి, అక్కడ అరాకిడోనిక్ ఆమ్లాన్ని తగ్గిస్తుంది.’