హైదరాబాద్ వెస్ట్‌లో ఫ్లాట్ల రేట్లు కుప్పకూలతాయా? కాస్ట్ షీట్ చదవడం వస్తే జవాబు అక్కడే ఉంది

ప్రశ్న: భార్యాభర్తలిద్దరం ఐటీలో పనిచేస్తున్నాం. కలిపి నెలకు 2.4 లక్షలు చేతికొస్తాయి, దాచుకున్నది 60 లక్షలు. కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ వైపు ట్రిపుల్ బెడ్‌రూమ్ చూస్తున్నాం. రేట్లు కుప్పకూలబోతున్నాయి, ఆగండని స్నేహితులు అంటున్నారు. ఆగాలా, కొనాలా?

మీ స్నేహితులు ఎదురుచూస్తున్న రోజు రాదండి. చదరపు అడుగు 9,000 ఉన్నది ఒక ఆదివారం పొద్దున పేపర్లో 6,000 అని కనబడటం మన దగ్గర జరగదు. అంతమాత్రాన రేట్లు పడవని కాదు. పడతాయి, కానీ బిల్డర్ ఆ సంగతి బోర్డు మీద రాయడు. ఆ పడటం ఎక్కడ కనబడుతుందో తెలిస్తే ఆగాలా కొనాలా అన్నది మీకే తేలిపోతుంది.

ఒక కాస్ట్ షీట్, అంటే బిల్డర్ ఇచ్చే ఖర్చుల చిట్టా, ముందు పెట్టుకుందాం. లెక్క కోసం అనుకున్న అంకెలే, కానీ ఆ వైపు టవర్లలో షీట్ ఇలాగే ఉంటుంది. 2,000 చదరపు అడుగులు, 25వ అంతస్తు, బోర్డు రేటు 9,000. మూల ధర 1.80 కోట్లు. ఐదో అంతస్తు దాటాక ఒక్కో అంతస్తుకు అడుగుకు 30 రూపాయలు ఫ్లోర్ రైజ్ అంటే 20 అంతస్తులకు 600, అంటే 12 లక్షలు. తూర్పు ముఖం, కార్నర్ అని అడుగుకు 150, అది 3 లక్షలు. క్లబ్‌హౌస్, ఎమినిటీస్ 6 లక్షలు. రెండు కార్ పార్కింగులు 8 లక్షలు. ఇక్కడికి 2.09 కోట్లు. దీని మీద జీఎస్టీ 5 శాతం, 10.45 లక్షలు. రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి 7.5 శాతం లెక్కన ఇంకో 15.68 లక్షలు. కార్పస్ ఫండ్ (అసోసియేషన్‌కు నిల్వగా ఇచ్చే డబ్బు) 2 లక్షలు, రెండేళ్ల మెయింటెనెన్స్ అడ్వాన్సు దాదాపు 2 లక్షలు. మొత్తం 2.39 కోట్లు. 9,000 అని మొదలైన అడుగు తాళాలు చేతికొచ్చేసరికి 11,950 అయింది. ఉడ్‌వర్క్ ఇంకా మొదలే పెట్టలేదు. దానికో 20 లక్షలు వేసుకుంటే 2.59 కోట్లు.

ఇప్పుడు అమ్మకాలు మందగించాయనుకోండి. బిల్డర్ 9,000ను 8,000 చేయడు. చేస్తే అంతకుముందు కొన్న మూడొందల మంది మర్నాడే సేల్స్ ఆఫీసు ముందుంటారు. ప్రాజెక్టుకు అప్పిచ్చిన బ్యాంకు లెక్కలు మళ్లీ వేస్తుంది. అందుకే బోర్డు అలాగే ఉంచి ఫ్లోర్ రైజ్ తీసేస్తాడు, జీఎస్టీ మేమే భరిస్తామంటాడు, ఒక పార్కింగ్ ఉచితం అంటాడు. పై షీట్‌లో ఆ మూడూ కొట్టేయండి: 12, 10.45, 4 కలిపి 26.45 లక్షలు. జీఎస్టీతో కలిపి కట్టాల్సిన 2.19 కోట్లలో అది 12 శాతం. పేపర్ మాత్రం రేట్లు నిలకడగా ఉన్నాయనే రాస్తుంది. దసరా ఆఫరు సంక్రాంతి దాకా, సంక్రాంతి ఆఫరు ఉగాది దాకా సాగుతోందంటే అది పండగ ఆఫరు కాదు, తగ్గిన ధర.

అమెరికాలో 2008లో జరిగినట్టు ఇక్కడ ఇళ్లు తెగనమ్ముకునే పరిస్థితి ఎందుకు రాదంటే, అప్పిచ్చే పద్ధతే వేరు. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 75 లక్షలు దాటిన హోమ్ లోన్‌కు ఇంటి విలువలో 75 శాతానికి మించి ఇవ్వకూడదు. రిజిస్ట్రేషన్ ఖర్చు ఆ విలువలో కలపరు. అంటే కొన్నవాడి సొంత డబ్బు కోటి దాకా అందులో ఇరుక్కుని ఉంటుంది. పైగా తాళాలు బ్యాంకు మొహాన పడేసి వెళ్లిపోతే మన దగ్గర అప్పు తీరిపోదు, మిగిలిన బాకీకి మనిషే జవాబుదారీ. అందుకని నగలు కుదువపెట్టి అయినా ఈఎంఐ కడతారు గానీ నష్టానికి అమ్మరు. అమ్మేవాడు దిగడు, కొనేవాడు ఎక్కడు. లావాదేవీ ఆగిపోతుంది. మన మార్కెట్ కూలడం అంటే అదే. దానికి ఏళ్లు పడుతుంది.

కోకాపేటలోనే ఇది ఒకసారి జరిగింది. 2006 జూలైలో అప్పటి నగరాభివృద్ధి సంస్థ హుడా అక్కడ భూమి వేలం వేస్తే ఎకరం గరిష్ఠంగా 14.45 కోట్లు పలికింది. గచ్చిబౌలి దాటితే రాళ్లు రప్పలున్న రోజుల్లో అది దిమ్మతిరిగే రేటు. రెండేళ్లు తిరగకుండా అమెరికా సంక్షోభం, 2009 జనవరిలో సత్యం కుంభకోణం, ఆ ఏడాది డిసెంబరు నుంచి రాష్ట్రం సంగతి తేలని అనిశ్చితి. వేలంలో పోటీపడి పాడినవాళ్లలో కొందరు మిగతా డబ్బు కట్టడం మానేసి, భూమి మీద వివాదాలున్నాయి, కట్టింది వెనక్కివ్వండని కోర్టుకెక్కారు. ఫ్లాట్ల రేట్లు మాత్రం సగానికి పడిపోలేదు. చాలాచోట్ల 2014 దాకా అటూ ఇటూగా అక్కడే ఉన్నాయి. కానీ ఆ ఏళ్లలో మిగతా వస్తువుల ధరలు ఏటా 8 నుంచి 10 శాతం పెరిగాయి. ఐదేళ్లు కదలని ఫ్లాటు అంటే మూడో వంతు విలువ పోయినట్టు. అమ్మలేక, ఈఎంఐ ఆపలేక గడిపినవాళ్లను అడగండి, అది కూలడమో కాదో చెబుతారు.

అదే కోకాపేటలో ఎకరం 2021లో 60 కోట్లు దాటింది, 2023 ఆగస్టులో 100.75 కోట్లు పలికింది, 2025 నవంబరులో 150 కోట్లు దాటింది. ఈ వార్త రాగానే చుట్టుపక్కల పది కిలోమీటర్లలో ప్రతి ప్లాటుకూ రేటు పెంచి చెప్పేస్తారు. దీంట్లో ఉన్న మోసం అర్థం చేసుకోవాలి. హైదరాబాద్‌లో ముంబై, బెంగళూరుల్లోలాగా ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలన్న హద్దు, లేదు. రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ, విమానాశ్రయం వాళ్ల ఎత్తు అనుమతి, ఫైర్, పర్యావరణ అనుమతులు కుదిరితే ఎంత ఎత్తుకైనా వెళ్లొచ్చు. ఎకరం 100 కోట్లు పెట్టి కొన్నవాడు ఎకరంలో 5 లక్షల అడుగులు కడితే భూమి ఖర్చు అడుగుకు 2,000 మాత్రమే. 3 లక్షల అడుగులే కడితే 3,333. అందుకే 50 అంతస్తులు. భూమి ధర ఎంత పెరిగితే అంత ఎత్తు లేపుతారు, ఎంత ఎత్తు లేపితే అన్ని ఫ్లాట్లు ఒకేసారి మార్కెట్లోకి వస్తాయి. వేలం రేటు చూసి కొరత వస్తుందని జనం పరుగెత్తుతారు గానీ, ఆ రేటు తెచ్చేది ఫ్లాట్ల వరద. నా భయం ఇక్కడే. కొనేవాళ్లలో ఎక్కువమంది ఐటీ జీతం మీద, డల్లాస్ నుంచి వచ్చే డాలరు మీద ఆధారపడినవాళ్లు. 2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్‌1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు పెట్టింది. ఆ దెబ్బ కోకాపేటకు తగలదని ఎవరైనా చెబితే నమ్మకండి.

పరిస్థితి ఎలా ఉందో మీకు మీరే చూసుకునే పద్ధతులున్నాయి. ఓసీ (ఇళ్లలోకి దిగొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వచ్చి రెండేళ్లయిన గేటెడ్ కమ్యూనిటీ ఒకటి ఎంచుకుని, పనిరోజు రాత్రి ఎనిమిదిన్నరకు ఎదురు రోడ్డు మీద నిలబడండి. ఒక టవర్ ఒక ముఖంలో అంతస్తుకు ఎన్ని ఇళ్లున్నాయో చూసి, వంటింటి లైట్లు లెక్కపెట్టండి. యుటిలిటీ బాల్కనీల్లో బట్టలు ఆరేసి ఉన్నాయా చూడండి. నూటికి 70 వెలిగితే జనం ఉండటానికి కొన్నారు. 40 కూడా లేవంటే ఆ టవర్ ఇన్వెస్టర్ల చేతిలో ఉంది, వాళ్లలో ఒకరికి అర్జెంటుగా డబ్బు అవసరమైతే మొదట పడేది అక్కడి రీసేల్ రేటే.

కట్టుబడిలో ఉన్నదైతే స్లాబులు లెక్కపెట్టండి. ఈ టవర్లన్నీ దాదాపు మైవాన్ షట్టరింగ్ (అల్యూమినియం అచ్చుల్లో కాంక్రీటు పోసే పద్ధతి) మీదే లేస్తాయి. పని సాఫీగా సాగుతుంటే 8 నుంచి 12 రోజులకో స్లాబు పడాలి, అంటే నెలకు దాదాపు మూడు అంతస్తులు. మూడు నెలల తేడాతో రెండుసార్లు వెళ్లండి. రెండు స్లాబులే పెరిగాయంటే లేబర్ దొరకలేదనో వానలనో చెబుతారు. చాలాసార్లు అసలు కారణం డబ్బులు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) సైట్‌లో ఆ ప్రాజెక్టు పేజీ తెరిస్తే బిల్డర్ మూడు నెలలకోసారి పెట్టాల్సిన వివరాలుంటాయి: ఎన్ని బుక్ అయ్యాయి, పని ఎంత శాతం, పూర్తిచేస్తామని రాసిచ్చిన తేదీ. బ్రోచర్‌లో తేదీ కాదు, ఈ తేదీయే చట్టం ముందు నిలుస్తుంది. రెండు మూడు త్రైమాసికాలు ఏమీ పెట్టని ప్రాజెక్టు జోలికి వెళ్లకండి.

ఇంకొకటి, ఎంతోమంది అడగని సంగతి. పర్మిషన్ ఇచ్చేటప్పుడు మున్సిపల్ కార్పొరేషన్ గానీ నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ గానీ బిల్టప్ ఏరియాలో 10 శాతం తనఖా పెట్టించుకుంటాయి. ఓసీ వచ్చి అవి విడుదలయ్యేదాకా ఆ ఫ్లాట్లకు రిజిస్ట్రేషన్ జరగదు. తక్కువకు వస్తోందని కింది అంతస్తు తీసుకునే ముందు తనఖా పత్రంలో మీ ఫ్లాటు నంబరు ఉందేమో చూడండి. వాస్తు సిద్ధాంతిని ముగ్గురిని మార్చి మార్చి అడుగుతారు, ఈ ఒక్క కాగితం అడగరు. అలాగే 2,000 అడుగులంటే లోపల తిరిగేది 1,300 నుంచి 1,400 మధ్యే. ఆ లోపలి జాగా, అంటే కార్పెట్ ఏరియా మీద అమ్మాలని చట్టం వచ్చి ఇన్నేళ్లయినా సేల్స్ ఆఫీసులో మాట మారలేదు. పది ప్రాజెక్టులు పోల్చేటప్పుడు మొత్తం ఖర్చును కార్పెట్‌తో భాగించి చూడండి, ఏది చౌకో ఏది ఖరీదో తారుమారవుతుంది.

నిజంగా కూలేది, ఇప్పటికే ఎన్నో కుటుంబాల్ని కూల్చింది ప్రీ-లాంచ్. రెరా నంబరు రాకముందే, మొత్తం డబ్బు ఒకేసారి కడితే సగం రేటుకే ఇస్తామంటారు. చేతిలో పెట్టేది ఒక ఎంఓయూ (ఒప్పుకోలు కాగితం), లేదంటే యూడీఎస్ పేరుతో భూమిలో విడదీయని వాటా. ఆ డబ్బు మీ టవర్‌కే వాడాలన్న కట్టడి ఉండదు, ఇంకోచోట భూమికి అడ్వాన్సుగా పోతుంది. ఈలోగా ఇక్కడ భూయజమానుల్లో ఒకరు తిరగబడతారు, లేదా చెరువు ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) అడ్డొస్తుంది, లేదా రోడ్డు చాలక పర్మిషన్ రాదు. పర్మిషన్ లేనిదానికి బ్యాంకు లోన్ ఇవ్వదు గనక కట్టిందంతా సొంత డబ్బే. రెరా నంబరు ఉంటే కొన్నవాళ్ల దగ్గర వసూలు చేసినదాంట్లో 70 శాతం విడి ఖాతాలో ఉంచాలి, ఇంజనీరు, ఆర్కిటెక్టు, సీఏ సర్టిఫికెట్లు పెట్టి పని జరిగినంత మేరకే తీయాలి. అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా 10 శాతం మించి తీసుకోకూడదు. నంబరు లేకుండా అమ్మడమే నేరం. ఇంత స్పష్టమైన చట్టం ఉన్నా యూట్యూబ్‌లో డ్రోన్ వీడియో చూసి పీఎఫ్ డబ్బు తీసి కట్టేస్తున్నారు. ఆ వీడియో తీసినాయనకు కమీషన్ ఎక్కడినుంచి వస్తుందో ఒక్కరూ అడగరు.

ఇక మీ సంగతి. 2.59 కోట్ల ఫ్లాటు మీకు వద్దు. కోటిన్నర అప్పు తీసుకున్నా 8 శాతం వడ్డీకి, 20 ఏళ్లకు నెలకు 1.25 లక్షలు, పైన సొంతంగా కోటి పైగా కావాలి, మీ దగ్గర 60 లక్షలే ఉన్నాయి. అదే ఫ్లాటు అద్దెకు 60,000కు దొరికినా, మెయింటెనెన్స్ పోగా యజమానికి మిగిలేది పెట్టినదాని మీద ఏడాదికి 2.4 శాతం. ఇన్వెస్టర్‌ను ఆ భారం మోయనివ్వండి. మీరు తెల్లాపూర్, నల్లగండ్ల, కొల్లూరు వైపు ఓసీ ఉన్న రీసేల్ చూడండి, 1.25 కోట్లలో. జీఎస్టీ లేదు. రిజిస్ట్రేషన్ 9.4 లక్షలు. లోన్ 93.75 లక్షలకు ఈఎంఐ 78,400 వస్తుంది, అది మీ జీతంలో మూడో వంతు. సొంతంగా 31.25 లక్షలు, రిజిస్ట్రేషన్, మరమ్మతులకో 10 లక్షలు పోగా 9 లక్షలు చేతిలో మిగులుతాయి. ఒకరి ఉద్యోగం పోయినా పది నెలలకు పైగా ఈఎంఐ కట్టగలరు. ఆ నిల్వ మాత్రం ఇంటీరియర్స్‌కు ముట్టుకోకండి.

బేరానికి వెళ్లేముందు అదే కమ్యూనిటీలో అమ్మకానికి ఎన్ని ఉన్నాయో అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఉన్నవాళ్లనో వాచ్‌మన్‌నో అడిగి తెలుసుకోండి. పక్కనే అదే బిల్డర్ రెండో ఫేజ్ అమ్ముతుంటే ఇంకా మంచిది, అమ్మేవాడికి బిల్డరే పోటీ. ఈసీ (ఆస్తి మీద తనఖాలు, లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి లోన్ బాకీ ఉందేమో చూడండి. 50 లక్షలు, ఆపైన ధర ఉంటే అమ్మేవాళ్లకిచ్చే డబ్బులో 1 శాతం టీడీఎస్ (ముందే కోసే ఆదాయపు పన్ను) మీరే పట్టి కట్టాలి. అమ్మేది ఎన్నారై అయితే ఆ 1 శాతం లెక్క చెల్లదు, చాలా ఎక్కువ పట్టాలి, పట్టకపోతే నోటీసు మీకే వస్తుంది. ఆ వైపు అమ్మేవాళ్లలో ఎన్నారైలు ఎక్కువ కాబట్టి, బయానా ఇచ్చే ముందే అమ్మేవాళ్లు ఎక్కడ ఉంటున్నారో అడిగి, కాగితాలు ఆడిటర్‌కు చూపించండి.